గాజుకు రెండు రంధ్రాలు

రెండు రంధ్రాలు, రెండూ కొత్త చేపల తొట్టి వెనక గాజుకే, పై అంచుకు ఎనిమిది సెంటీమీటర్ల కింద, ఒకటి నీళ్లు దిగడానికి, రెండోది ఆ మొదటిది ఎప్పుడైనా మూసుకుపోతే ఇల్లు మునగకుండా కాయడానికి. రేపు పొద్దున్న ఎనిమిదింటికల్లా కొలతలు చెప్పాలి. గాజు కోసే ఒల్మేదో మాటంటే మాట మనిషి, "తొలిచాక మనసు మార్చుకుంటే నన్నేమీ అనొద్దమ్మా, గాజుకి మాసిక వెయ్యలేం" అన్నాడు. సరే. ఇప్పుడు రెండూ పది. డాక్టరమ్మ మూడింటికి వచ్చి సంతకం పెడితే ఫెర్మీన్‌ని ఇంటికి తీసుకుపోవచ్చు, అంటే నా చేతిలో యాభై నిమిషాలున్నాయి, ఈ యాభై నిమిషాల్లో పైపులు ఎక్కణ్ణుంచి ఎక్కడికో తేలాలి, సోడా గ్యాస్ సిలిండర్ ఎక్కడ నిలబెట్టాలో తేలాలి, ఆ తర్వాత ఆ తలుపు తోసుకుని లోపలికి వెళ్లి నా మొగుడికి నీ చేపలన్నీ చచ్చిపోయాయని చెప్పాలి. చెప్తాను. ఇవాళ చెప్తాను. ముందు పైపులు.

ఆస్పత్రి వరండాలో చెక్క బల్ల మీద కూర్చుని, ఫెర్మీన్ ఎక్స్‌రే పెట్టిన గోధుమరంగు కవరు వెనక గీస్తున్నాను, వేరే కాగితం లేదు. వేసవి వెళ్లిపోవాల్సిన మార్చి నెల వచ్చినా శాంతా ఫెలో ఎండ తగ్గలేదు, ఈ వేళకు ఊరంతా కిటికీలు మూసుకుని నిద్రపోతుంది, ఆస్పత్రి కూడా సగం నిద్రలోనే ఉంది, నర్సు చెప్పుల చప్పుడు ఒకటే అటూ ఇటూ తిరుగుతోంది. నా పక్కన బేబా వదిన, ఫెర్మీన్ అక్క, ఒడిలో ఊలు, కాళ్ల దగ్గర వేడినీళ్ల ఫ్లాస్కు, నిమిషానికోసారి మాతే ఆకు వేసిన సొరబుర్రలో నీళ్లు పోసి తనోసారి గొట్టంతో పీల్చి నాకోసారి ఇస్తుంది. కవరు మీద కొలతలు రాశాను: పొడవు నూట యాభై, వెడల్పు అరవై, ఎత్తు యాభై. నాలుగు వందల యాభై లీటర్లు. పాత ట్యాంకు ఇందులో సగం కూడా లేదు. పాతది పోయింది, ఖాళీ చేసి ఒక్కదాన్నే గోడ నుంచి జరపబోతే మూల చిట్లిపోయింది, చిట్లనీ అనుకున్నాను ఆ పూట, అన్నీ పోయాక పెట్టె ఎందుకని. తర్వాత సిగ్గేసింది. నేను నాన్న నడిపిన సనూట్టి సోడా ఫ్యాక్టరీలో పుట్టినదాన్ని. పగిలినదాన్ని చూస్తూ కూర్చోవడం మా ఇంట్లో ఎవరికీ నేర్పలేదు.

"ఏం గీస్తున్నావే అంతసేపట్నుంచీ?" అంది బేబా వదిన.

"పైపులు."

"మొగుడు చావు తప్పి బయటపడ్డాడు, మేరీమాతకో కొవ్వొత్తి వెలిగించుకోక పైపులేంటే! ఇదిగో, నా మాట విను. చెప్పకు. అలాంటివే కొని పడేయ్. మగాళ్లకేం తెలుస్తుంది? నేను జుట్టు కత్తిరించుకుంటే మా ఆయన మూడు నెలలకి చూశాడు, అదీ ఈస్టర్ ఫొటోలో."

"అరవై మూడు చేపలు, వదినా. ఆయన ముఖం చూసి ఏది ఏదో చెప్పేస్తాడు."

"చేపకి ముఖమేంటి!" అని తనే నవ్వి, నేను నవ్వకపోయేసరికి బుర్రలో నీళ్లు పోసి నా చేతిలో పెట్టింది. మంచిదే. మంచితనంతోనే అబద్ధం ఆడమంటుంది. నేనూ మంచితనంతోనే మొదలుపెట్టాను కదా.

నీళ్లు దిగే పైపు నిండుగా దిగాలి, గాలి కలవకుండా, చప్పుడు లేకుండా, దాని కింద ఓ వాల్వు పెట్టి సగం మూసి సర్దుకోవాలి. ధారగా దూకిందంటే ఆ దూకుడుకే నీళ్లలో కలిసిన గ్యాసంతా ఎగిరిపోతుంది. గ్యాసుకి తొందరెక్కువ అనేవాడు నాన్న, తలుపు తెరిచి ఉంటే చాలు, వీడ్కోలైనా చెప్పకుండా పోతుందనేవాడు. నాన్న సోడా గదిలో నేల మీద కొవ్వొత్తి వెలిగించి పెట్టేవాడు, గ్యాసు గాలికంటే బరువు, లీకైతే ముందు నేల మీద పేరుకుంటుంది, కొవ్వొత్తి ఆరిందంటే చేతిలో పని అక్కడే వదిలేసి బయటికి పరుగెత్తాలి. "నువ్వు పొట్టిదానివి అసుసేనా, ముందు నీకే తెలుస్తుంది, తల తిరిగితే అరిచెయ్" అనేవాడు, ఆరేళ్ల పిల్లకి అది భయం కాదు, ఉద్యోగం, నాకు జీతం రోజుకో నారింజ సోడా. ఒకసారి మా కుక్క చిస్పా మోటారు గుంటలోకి దిగి చల్లగా ఉందని పడుకుంది, కొవ్వొత్తి ఆరడం నేనే చూసి అరిచాను, నాన్న ఊపిరి బిగబట్టి ఒక్క దూకు దూకి దాన్ని కాలు పట్టి లాగి ఎండలో పడేశాడు, చాలాసేపటికి అది తుమ్మి లేచి ఏమీ ఎరగనట్టు నీళ్లు తాగింది. ఆ రోజు నేర్పాడు నాన్న నాకు రెండో పాఠం. గేజు అబద్ధమాడుతుంది, తూకం ఆడదు. సిలిండర్లో గ్యాసు నీళ్లలా ద్రవమై ఉంటుంది, చెంచాడు ద్రవం మిగిలున్నా గేజు ముల్లు నిండు సిలిండర్ చూపించినంతే చూపిస్తుంది, ముల్లు కదిలిందంటే అప్పటికే ఆఖరు. అందుకే ప్రతి సోమవారం కాటా మీద పెట్టి తూచేవాళ్లం. నలభై ఏళ్లు తూచాను. నాన్న పోయాక, మా గాజు సీసాల కోసం వచ్చేవాళ్లు తగ్గిపోయి, ప్లాస్టిక్ సీసాలొచ్చి, కిందటేడు తలుపులు మూసేదాకా నేనే తూచాను.

మరి ఇంట్లో ఎందుకు తూచలేదు?

పంపు. కింద అల్మరాలో చిన్న తొట్టి, నీళ్లు అందులోకి దిగి, స్పాంజిలోంచి వడపోసుకుని, పంపు దగ్గరికి రావాలి, పంపు మళ్లీ పైకి తోయాలి. కరెంటు పోతే? పోతుంది, ఈ ఊళ్లో వేసవిలో పోని రోజేది. పంపు ఆగగానే పైనున్న నీళ్లలో రంధ్రం మట్టానికి పైనున్నదంతా కిందికి దిగుతుంది, మూడు సెంటీమీటర్ల మందం అనుకుంటే ఇరవై ఏడు లీటర్లు, పైపుల్లో ఉన్నది కలిపితే ముప్ఫై, అంటే కింది తొట్టిలో ముప్ఫై లీటర్ల చోటు ఎప్పుడూ ఖాళీగా ఉంచాలి. పైకి తోసే పైపు మూతి నీళ్లలో మునిగి ఉంటుంది, అది వెనక్కి పీల్చడం మొదలుపెడితే ముప్ఫైతో ఆగదు, అందుకని నీటి మట్టానికి వేలెడు కింద ఆ పైపుకి ఓ చిన్న బెజ్జం, మట్టం తగ్గగానే గాలి పీల్చి ధార తెగిపోతుంది. నాన్‌రిటర్న్ వాల్వు పెడితే చాలు కదా అంటారు దుకాణాల్లో. ఒక్క నత్త వెళ్లి ఆ వాల్వులో కూర్చుంటే తెల్లారేసరికి ఇల్లు చెరువు. వాల్వునీ నమ్మను, బెజ్జాన్నీ నమ్మను, రెండూ పెడతాను.

ఫెర్మీన్ మొదటిసారి మా ఫ్యాక్టరీకి వచ్చింది ఇలాంటి ఎండలోనే. పరానా నదిలో ఇసుక తోడే డ్రెడ్జర్ మీద ఇంజను చూసేవాడు, ఒళ్లంతా డీజిలు వాసన, చేతిలో మూతకి బెజ్జాలు పెట్టిన గాజు సీసా, అందులో నాలుగు వెండిరంగు మొహార్రా చేపలు, వేలి గోరంతేసి. పాత సిలిండర్ ఒకటి కావాలన్నాడు. దేనికని అడిగాను. చేపల తొట్టికి అన్నాడు. లోపల సీసాలు కడిగే ఆడవాళ్లంతా ఒక్కసారి గొల్లున నవ్వారు. "చేపలకి సోడా తాగిస్తావా నాయనా? నిమ్మకాయ కూడా పిండమంటావా?" చెవులదాకా ఎర్రబడి, అయినా కదలకుండా నిలబడి, "చేపలకి కాదండీ, మొక్కలకి" అన్నాడు. నీళ్లలోని మొక్కలు ఈ గ్యాసునే తింటాయని, వెలుగుండగా తింటాయని, అప్పుడవి ఆకు ఆకుకీ బుడగలు కడతాయని, ఊరి పక్క సరస్సు వెనక పాయల్లో మధ్యాహ్నం పూట పడవలోంచి వంగి చూస్తే అలా కనిపిస్తాయని చెప్పుకుంటూ పోయాడు. ఎవరూ నవ్వలేదు తర్వాత. ఆ సాయంత్రమే నేను ఆయన గదికి వెళ్లి సన్నటి సూది వాల్వు బిగించి వచ్చాను, సెకనుకో బుడగ, అంతకంటే ఒక్కటి ఎక్కువొద్దని చెప్పాను. అప్పటికి నాకు ఇరవై ఏడు, పెళ్లి మాటెత్తితే పోట్లాటకి దిగేదాన్ని. ఆ గదిలోంచి బయటికొచ్చాక వీధి దీపం కింద నిలబడి నాలో నేనే నవ్వుకున్నాను. ఇరవై ఏడేళ్లయింది. మా ఇద్దరికీ పిల్లల్లేరు. ఉంటే బాగుండేదని ఏడ్చిన రోజులున్నాయి, ఆ తర్వాత లేవు. ఆయన ఏ పాయలోంచి తెచ్చిన మొక్క ఏ మూల నాటాడో చెప్తూ ఉంటే నేను వింటూ ఉండేదాన్ని.

ఆయన ఆస్పత్రిలో చేరిన నాలుగో రోజు. న్యుమోనియా, రెండు ఊపిరితిత్తులూ, ముఖానికి ఆక్సిజన్ మాస్కు. దానికి ముందురోజు బట్టల కోసం ఇంటికి వెళ్లినప్పుడు గేజు ముల్లు కొంచెం దిగి ఉండటం చూశాను. చూడలేదని చెప్పుకోవచ్చు, ఎవరూ అడగరు, కానీ చూశాను. సిలిండర్ విప్పి కాటా మీద పెట్టడానికి ఐదు నిమిషాలు. బస్సు పోతుందని వదిలేశాను. మర్నాడు పదిన్నరకి తలుపు తీసేసరికి గదిలో చప్పుడు, వేరుశెనగ గింజలు వేయించినట్టు, అది బుడగల చప్పుడు. సిలిండర్ ఆఖరికొచ్చి లోపలి ఒత్తిడి పడిపోతే, దాని మూతికి బిగించిన ఒక్క దశ రెగ్యులేటర్ బయటికి వదిలే ఒత్తిడి పెరుగుతుంది, మిగిలిందంతా ఒక్కసారి కక్కేస్తుంది, ఇది నాకు తెలియనిది కాదు, ఇది తెలిసినవాళ్లు ఈ ఊళ్లో పదిమంది ఉంటే అందులో ముందుంటాను. అరవై మూడూ పైకి తేలి ఉన్నాయి, పక్కలకి ఒరిగి, నోళ్లు తెరుచుకుని. కిటికీలు తీశాను, బకెట్లతో నీళ్లు మార్చాను, చేత్తో నీళ్లు చిలికాను, మోచేతులదాకా తడిసి ఎంతసేపు చిలికానో. అవి కాక ఒకే ఒక్కటి మిగిలింది, అడుగున రాళ్లకి అతుక్కుని ఉండే పెద్దది, ఒంటినిండా పెంకులుంటాయి, మావాళ్లు దాన్ని నీటి ముసల్ది అంటారు. దానికి నీళ్లలో ఊపిరాడకపోతే పైకొచ్చి గాలి మింగే విద్య ఉంది. దాన్ని పెరట్లో బట్టలుతికే తొట్టిలో వేశాను. ఆ మధ్యాహ్నం ఆస్పత్రికొస్తే ఫెర్మీన్ మాస్కు ఒక్క క్షణం పక్కకి లాగి, "చేపలెలా ఉన్నాయి?" అన్నాడు.

"బాగున్నాయి" అన్నాను.

అక్కడికది ఒక్క మాట. గాలి కోసం రొమ్ము ఎగరేస్తున్న మనిషికి ఇంకేం చెప్తాం. కానీ మర్నాడు మళ్లీ అడిగాడు. మూడో రోజు మాస్కు తీసేశారు, ముక్కుకి గొట్టాలు పెట్టారు, అప్పుడు వివరంగా అడిగాడు, ఎర్ర తోకది తింటోందా, కుడివైపు మొక్క పూసిందా అని, నేను తింటోందన్నాను, పూసిందన్నాను, తెల్లగా చిన్న పువ్వని కూడా చెప్పాను, ఎక్కణ్ణుంచొచ్చిందో ఆ పువ్వు నా నోట్లోకి. పద్దెనిమిది రోజులు. నిన్న చక్కెర లేని టీ తాగుతూ "ఇంటికెళ్లగానే ముందు వాటిని చూస్తా" అంటే, "అవీ నీకోసం చూస్తున్నాయి" అన్నాను. ఆ మాట అన్నాక మెట్ల దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. చేపలు చావడం ఐదు నిమిషాల నిర్లక్ష్యం. ఇది అది కాదు. ఇది రోజూ పొద్దున లేచి, మొహం కడుక్కుని, వచ్చి ఒప్పజెప్పిన పాఠం. ఆ మెట్ల మీదే అనుకున్నాను, ఆస్పత్రి గుమ్మం దాటకముందే చెప్పాలి, ఇంటికెళ్లి ఖాళీ గోడ చూసి తెలుసుకోకూడదు. ఒల్మేదో దగ్గరికి వెళ్లింది అక్కణ్ణుంచే. ఒట్టి చేతులతో చెప్పకూడదని. ఈ బొమ్మ చేతిలో ఉంటే చెప్పడం తేలికవుతుందని. ఆ సంగతి కూడా నాకు తెలుసు.

గ్యాస్. సిలిండర్ ఇంట్లో ఉండకూడదు, ఇక ఆ ఊపిరితిత్తులతో అసలే కూడదు. పెరట్లో, నీడపట్టున, నిలువుగా, గోడకి గొలుసు, గోడలోంచి సన్నటి గొట్టం లోపలికి. రెండు దశల రెగ్యులేటర్, ఆఖరి ఊపిరిదాకా ఒకేలా వదిలేది. పాతది ఫెర్మీనే ఎక్కడో చవగ్గా కొన్నాడు, మార్చమని నేను రెండుసార్లు చెప్పాను, ఈ మాట ఇవాళ అనొచ్చు, అంటే సగం బరువు ఆయన మీదికి పోతుంది. అనను. గేజు చూసింది నేను. దాని తర్వాత కరెంటు వాల్వు, ట్యాంకు దీపం వెలగడానికి గంట ముందు తెరుచుకుని, ఆరడానికి గంట ముందు మూసుకునేలా. తర్వాత సూది వాల్వు, తర్వాత నీళ్లు వెనక్కి రాకుండా నాన్‌రిటర్న్ వాల్వు, ఆ గొట్టం చివర పంపు మూతిలోకి, బుడగల్ని పంపు రెక్కలే పొడిపొడి చేసి నీళ్లలో కలిపేస్తాయి. లోపలి గాజుకి రంగు నీళ్ల బుడ్డి, ఆకుపచ్చగా ఉంటే సరి, పసుపైతే ప్రమాదం. ఎక్కడా రాగి వద్దు, మొక్కలకి మందులా మొదలై రొయ్యలకి విషమవుతుంది, నాన్న ఇత్తడి బిగింపులు పెట్టెనిండా ఉన్నాయి, ఇత్తడిలోనూ రాగే, ఒక్కటీ నీళ్లు తగిలేచోట వాడను. నాన్నా, నువ్వుంటే తిట్టేవాడివి. నాలుగు రోజులు తిట్టి ఐదో రోజు నువ్వే వచ్చి గొట్టాలకి సబ్బు నురగ పూసి లీకులు చూసేవాడివి. రంధ్రాల మధ్య దూరం ఇరవై. పక్క గాజు నుంచి పదిహేను. రాశాను. కింద గీత గీశాను. పెన్సిలు మొన విరిగింది.

"డాక్టరమ్మ వచ్చింది" అంటూ బేబా వదిన ఊలు సంచిలో కుక్కింది. "ఏమే, మరి చెప్పేస్తావా?"

"చెప్పేస్తాను."

"వాడు ఏడిస్తే నన్ను పిలువ్. ఏడవకపోతే ఇంకా త్వరగా పిలువ్."

సంతకం రెండు నిమిషాల్లో అయిపోయింది. ఫెర్మీన్ మంచం అంచున కూర్చున్నాడు, చొక్కా వేసుకుని, బెల్టు రెండు బెజ్జాలు లోపలికి బిగించుకుని, మెడ సన్నబడిపోయి. నేను కవరు ఆయన ఒళ్లో పెట్టి మొదలుపెట్టాను, నీళ్లు ఇలా దిగుతాయి, ఇది కాపలా పైపు, ఇక్కడ బెజ్జం అని వేలితో చూపిస్తూ, గొంతు సోడా ఫ్యాక్టరీలో కొత్త పనివాళ్లకి చెప్పే గొంతు. ఆయన వేలు కొలతల మీద ఆగింది.

"నూట యాభయ్యా? ఇది మన ట్యాంకు కాదే."

"కాదు."

"మనదానికేమైంది?"

బొమ్మ పక్కకి జరిపాను. జరపకపోతే చెప్పలేనని తెలిసిపోయింది. "చచ్చిపోయాయి ఫెర్మీన్. నువ్వు చేరిన నాలుగో రోజే. సిలిండర్ ఆఖరికొచ్చి గ్యాసంతా వదిలేసింది. ముందురోజు గేజు దిగడం చూశాను, తూచలేదు. నేనే చంపాను. ముసల్ది ఒక్కటే మిగిలింది."

కిటికీవైపు తిరిగాడు. ఊపిరి తీస్తున్నాడు, వదులుతున్నాడు, ఇన్ని రోజులుగా లెక్కపెట్టే అలవాటు, లెక్కపెడుతూనే ఉన్నాను. "పువ్వు కూడా?" అన్నాడు.

"పువ్వు లేదు. ఎప్పుడూ లేదు."

"చేపలు చచ్చిపోతాయి అసుసేనా. నా చేతిలోనూ చచ్చాయి, నీకు తెలుసు. కానీ నేను ఇక్కడ పడుకుని కళ్లు మూసుకుంటే ఆ పువ్వే చూసుకున్నాను." గొంతు చిన్నగానే ఉంది. "రోజూ చూసుకున్నాను."

నువ్వు బతకాలని అన్నాను అనొచ్చు. అది నిజమే, అయినా అనలేదు, అంటే మళ్లీ నేనే మంచిదాన్నయిపోతాను. "తప్పు చేశాను" అన్నాను. "పొరపాటు ఒకసారి. తప్పు రోజూ."

ఆయన కవరు నా చేతికిచ్చేశాడు. "గ్యాస్ వద్దు. అసలేదీ వద్దు. ముసలిదాన్ని సరస్సులో వదిలేద్దాం."

ఒప్పుకోవడం తేలిక. ఒప్పుకుంటే శిక్ష అనుభవించినట్టుంటుంది. నాలో సగం అప్పుడే తల ఊపబోయింది. "వదలను" అన్నాను. "కోపం ఎన్నాళ్లయినా పెట్టుకో, మాట్లాడకు, అన్నం విడిగా తిను. ట్యాంకు మాత్రం కడతాను. గ్యాసు కూడా ఉంటుంది. భయపడి గ్యాసు మానేస్తే మొక్కలు కుళ్లుతాయి, నాకు తెలిసిన పని ఒక్కటే, అది నేను సరిగ్గా చెయ్యలేదు, ఈసారి చేస్తాను. నువ్వు చూడకపోయినా చేస్తాను."

"మొండిదానివి."

"ఔను."

నర్సు చక్రాల కుర్చీ తెచ్చింది. నడుస్తానన్నాడు. నా భుజం పట్టుకుని లేచాడు, ఎముకలు తేలిన చెయ్యి, అయినా బరువంతా నా మీద మోపి, వరండాలోకి వచ్చాం, బేబా వదిన ఇద్దరి ముఖాలూ చూసి నోరు మూసుకుని సంచులు తీసుకుంది, అది ఆమె జీవితంలో ఎన్నిసార్లు జరిగిందో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. లిఫ్టు దాకా పదడుగులకోసారి ఆగాం. మాట్లాడడు, ఇవాళ మాట్లాడడు, బహుశా ఈ వారం మాట్లాడడు, సరే, రేపు ఎనిమిదింటికి ఒల్మేదో దగ్గరికి ఒక్కదాన్నే వెళ్తాను, రంధ్రాలు ఇరవై దూరం, పదిహేను, ఎనిమిది, నోట్లో తిప్పుకుంటూ నడుస్తున్నాను. లిఫ్టు బొత్తాం నొక్కాక ఆయన నా వైపు తిరగకుండానే అడిగాడు.

"నీళ్లు ఎన్ని లీటర్లు?"

"నాలుగు వందల యాభై."

"గాజు, రాళ్లు, ఇసుక, అల్మరా. ఏడు వందల కిలోలు దాటుతుంది." డ్రెడ్జర్ మీద ముప్ఫై ఏళ్లు ఇసుక బరువు కంటితో కొలిచిన మనిషి. "ఆ ముందుగది నేల చెక్కది. కింద బోలు. ఆగుతుందా?"

గొట్టాలు చూశాను, వాల్వులు చూశాను, కరెంటు పోతే ఏమవుతుందో చూశాను, అంత బరువూ దేని మీద నిలబడుతుందో ఒక్కసారి కూడా కిందికి చూడలేదు. ఆగుతుందని నోటిదాకా వచ్చింది.

"తెలీదు" అన్నాను. "చూడలేదు."

ఇప్పుడు నా వైపు తిరిగాడు, ఇరవై రెండు రోజుల తర్వాత మొదటిసారి తిన్నగా నా కళ్లలోకి చూశాడు, ఇంకా కోపంగానే.

"సరే, నేల చెక్క పలక ఒకటి పీకి చూద్దాం" అన్నాడు.